బొటనవేలి కింద చివరి లైను: థ్రిల్లర్‌కి తొలి రెండు నిమిషాలు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, ఇక్కడ కింద కూర్చోవచ్చు. నేను బోర్డు మీద రాస్తూ మాట్లాడతాను, అంత దూరం నుంచి కనిపించదు.

మీ ప్రాజెక్టు వివరాలు మీ మాస్టారు నాకు ముందే పంపారు. థ్రిల్లర్ సినిమాకి ఓపెనింగ్ సీక్వెన్స్, 2 నిమిషాలు దాటకూడదు, టైటిల్స్ కూడా అందులోనే రావాలి, టీముకి ఐదుగురు. నేను ఎడిటర్‌ని. మా దగ్గరికి ప్లాన్ రాదు, ఫుటేజే వస్తుంది. ప్లాన్ ఉందా లేదా అన్నది నాలుగైదు క్లిప్పులు చూసేసరికి తెలిసిపోతుంది. అందుకే కెమెరా సంగతి కంటే ముందు, కాగితం మీద తేల్చుకోవాల్సిన దాని గురించి ఎక్కువసేపు మాట్లాడతాను.

నేను చదువుకునే రోజుల్లో ఇలాంటిదే ఒకటి తీశాను. మామిడితోటలో ఒకతను పరిగెడుతుంటాడు. కాళ్ళు, చెమట, వెనక్కి తిరిగి చూడటం, మళ్ళీ కాళ్ళు. నిమిషంన్నర పైనే పరుగు. ఊరెళ్ళినప్పుడు మా నాయనమ్మకి చూపించాను. చూసి, "ఎందుకు పరిగెడుతున్నాడే?" అని అడిగింది. తర్వాత తెలుస్తుంది నాయనమ్మా అన్నాను. "తెలిసేదాకా నేనేం చెయ్యాలి?" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. పరిగెత్తేవాడికి భయముంది, చూసేవాళ్ళకి చేతిలో ఏమీ లేదు.

ఆ రాత్రే ఆవిడ చిన్నప్పుడు చూసిన వీధినాటకాల గురించి చెప్పింది. కీచకవధ ఆడితే ఊళ్ళో తెల్లవార్లూ ఎవరూ లేచేవారు కాదట. కథ తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. అయినా లేవరు. ఎందుకో ఒక్కసారి ఆలోచించండి. ద్రౌపది కీచకుణ్ణి రాత్రి నర్తనశాలకి రమ్మంది. చీకట్లో అక్కడ పడుకుని ఉన్నది భీముడు. ఇది మనకి తెలుసు, కీచకుడికి తెలియదు. వాడు స్నానం చేస్తాడు, గంధం పూసుకుంటాడు, నగలు పెట్టుకుంటాడు, చీకట్లో తడుముకుంటూ వచ్చి ప్రేమగా మాట్లాడతాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం రాసినప్పటి నుంచీ తెలుగువాళ్ళకి ఈ ఘట్టం తెలుసు. వాడు అలంకరించుకునే ఒక్కో క్షణం మనకి బరువెక్కుతూ ఉంటుంది. భీముడు అక్కడ ఉన్నాడని మనకి ముందు చెప్పలేదనుకోండి. ఒక మనిషి సింగారించుకుని ఒక గదిలోకి వెళ్తున్నాడు, అంతే. మీ భాషలో చెప్పాలంటే లాగ్.

అంటే ఆ ఉత్కంఠ దేనిలోంచి వచ్చింది? చీకట్లోంచి కాదు, పరుగులోంచి కాదు. ఎవరికి ఎంత తెలుసు అన్న తేడాలోంచి వచ్చింది. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట కోసం. షాట్ డివిజన్, అంటే ఏ షాటు తర్వాత ఏ షాటో, రాసుకునే ముందు, ఇదిగో, ఇలా మూడు గళ్ళు గీసుకోండి. ప్రేక్షకుడికి ఏం తెలుసు. ముఖ్యపాత్రకి ఏం తెలుసు. అవతలి మనిషికి ఏం తెలుసు. ఒక్కో షాటు దగ్గర ఈ గళ్ళలో ఏదో ఒకటి మారాలి. ఏ గడీ మారని షాట్లు వరసగా మూడు వచ్చాయంటే, నేను ఎడిటింగ్‌లో మొదట తీసేసేవి అవే.

ఒక కథ కట్టుకుందాం. మీ కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది కదా, నేను వస్తూ చూశాను. పరీక్షల ముందు రోజు సాయంత్రం. ఒక అమ్మాయి హాల్‌టికెట్ జిరాక్స్ తీయించుకోవడానికి వస్తుంది. ముందు నలుగురైదుగురు ఉన్నారు, నిలబడింది. షాపతను తర్వాతి కాగితం పెట్టడానికి మెషిన్ మూత ఎత్తుతాడు. అద్దం మీద ఎవరో ఒరిజినల్ మర్చిపోయి వెళ్ళారు. మనందరం ఎప్పుడో ఒకప్పుడు చేసిన పనే. అతను దాన్ని తిప్పి చూస్తాడు. పైన ఒక ఫొటో. దూరం నుంచి తీసింది, బస్టాపులో నిలబడిన అమ్మాయి. ఇందాక మనం చూసిన అమ్మాయే. ఫొటో కింద చేత్తో రాసిన లైన్లు.

7.50 బస్సు.
4.40 లైబ్రరీ.
6.15 జిరాక్స్.

దాని కింద ఇంకో లైను ఉంది. అది అతని బొటనవేలి కింద ఉండిపోయింది. మనకి కనపడదు.

అతను తల ఎత్తి గోడ గడియారం చూస్తాడు. 6.10.

ఇప్పుడు మన మూడు గళ్ళు నింపుదాం. ప్రేక్షకుడికి కాగితం సంగతి తెలుసు, ఇంకా ఐదు నిమిషాలుందని తెలుసు, చివరి లైను తెలియదు. షాపతనికి ఆ లైను తెలుసు, కానీ ఈ కాగితం ఎవరిదో గుర్తు రావట్లేదు, పొద్దుణ్ణించి వందమంది వచ్చారు. అమ్మాయికి ఏమీ తెలియదు. ఫోన్లో స్నేహితురాలితో ముఖ్యమైన ప్రశ్నల గురించి మాట్లాడుతోంది. ఇక్కణ్ణించి ఆమె ఏం చేసినా మనం వదలకుండా చూస్తాం. పక్కకి జరిగితే చూస్తాం. చిల్లర లెక్కపెట్టుకుంటే చూస్తాం. మామిడితోటలో నిమిషంన్నర పరిగెత్తించి నేను తేలేనిది, ఇక్కడ ఒక అమ్మాయి ఊరికే నిలబడితే వచ్చేస్తుంది.

6.14కి ఒకతను వచ్చి ఆ అమ్మాయి వెనక నిలబడతాడు. హెల్మెట్ తీయలేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు పంపిన పది కథల్లో ఏడింటిలో నల్ల హుడీ, గ్లోవ్స్ ఉన్నాయి. మన ఊళ్ళో మే నెలలో హుడీ వేసుకున్నవాణ్ణి వీధిలో అందరూ తిరిగి చూస్తారు. హెల్మెట్ పెట్టుకుని షాపు ముందు నిలబడ్డవాణ్ణి ఎవరూ పట్టించుకోరు, రోజూ చూసే దృశ్యమే. ముఖం దాచాలంటే మన చుట్టూ ఉన్న వస్తువుతోనే దాచండి, భయం ఇంటిదాకా వస్తుంది. ఒక్క జాగ్రత్త, హెల్మెట్ అద్దంలో మీ కెమెరా, మీ టీము అంతా కనిపిస్తారు. రిహార్సల్లోనే చూసుకుని కొంచెం పక్క యాంగిల్ పెట్టుకోండి.

హెల్మెట్ అతను అంటాడు, "అన్నా, ఇందాక ఒక ఒరిజినల్ మర్చిపోయాను." ఇద్దరి మధ్యలో అమ్మాయి. షాపతని చేతిలో కాగితం. గడియారం 6.15. కరెంటు పోతుంది. చీకట్లో సినిమా పేరు పడుతుంది.

మళ్ళీ కరెంటు వచ్చేసరికి అమ్మాయి అక్కడే ఉంది, ఏమీ కాలేదు. హెల్మెట్ అతను లేడు. కౌంటర్ మీద కాగితం లేదు. అమ్మాయి హాల్‌టికెట్ కాపీ తీసుకుని, "ఎంతయింది అన్నా?" అంటుంది. అతనికి నోట మాట రాదు. కట్.

ఆ చివరి లైనులో ఏముందో ఇప్పుడు లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు వెళ్ళిపోయాడు. ఒకడు నోరు తెరవలేకపోతున్నాడు. ఆ ప్రశ్న పట్టుకుని ప్రేక్షకుడు సినిమాలోకి వస్తాడు. అయితే ఆ లైను ఏమిటో మీ టీముకి మాత్రం షూటింగ్‌కి ముందే తెలిసి తీరాలి. కాగితం మీద నిజంగా రాయండి. షాపతను వేషం వేసే కుర్రాడికి మాత్రమే, అదీ మొదటి టేకులో మాత్రమే కనిపించేలా ఇవ్వండి. ఖాళీ కాగితం చూసి భయపడమంటే నటుడు కనుబొమ్మలు ఎగరేస్తాడు. నిజంగా చదివితే కళ్ళు ఆ లైను మీద ఒక క్షణం ఆగుతాయి, ఆ ఆగడం నాకు కావాలి.

మాటల్లేకుండా విషయం చెప్పడం గురించి. 1954లో హిచ్‌కాక్ తీసిన 'రేర్ విండో' మొదటి నిమిషాలు దొరికితే చూడండి. నిద్రపోతున్న మనిషి నుదుటి మీద చెమట, థర్మామీటర్, కట్టు కట్టిన కాలు, విరిగిన కెమెరా, రేసు కారు ప్రమాదం ఫొటో. అతనెవరు, ఏం పని చేస్తాడు, కాలు ఎలా విరిగింది, అన్నీ వస్తువులే చెప్పేస్తాయి. ఒక్క డైలాగు లేదు. మన షాపులో గోడకి అతికించిన రేట్లు, హాల్‌టికెట్ల కట్ట, గడియారం, కాగితం, ఈ నాలుగూ చాలు. "రేపు పరీక్ష కదా" అని ఎవరూ అనక్కర్లేదు.

ఇక షాట్ డివిజన్. 120 సెకన్లు. ఈ కథకి నాకైతే 20 షాట్ల లోపే పడతాయి. బొమ్మలు వేయడం రాదని స్టోరీబోర్డ్ వదిలేయకండి, పుల్లల మనుషులు చాలు. ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరు ఎంత పెద్దగా కనిపిస్తున్నారు, అది తెలిస్తే సరి. ఆ బొమ్మల్ని ఫోన్‌తో ఫొటోలు తీసి, ఎడిటింగ్ యాప్‌లో వరసగా పెట్టి, మీరే నోటితో శబ్దాలు చేసి రికార్డు చేసి ఆడించుకోండి. ఇది దయచేసి చేయండి. ఒక సాయంత్రం పని. షూటింగ్‌కి వెళ్ళకముందే మీ సినిమా మీకు కనిపిస్తుంది. ఎక్కడ సాగిందో, ఎక్కడ అర్థం కాలేదో అక్కడే దొరుకుతుంది.

అందులో ముఖ్యంగా చూసుకోవాల్సింది కాగితం షాటు. మీరు రాసుకున్న లైన్లు మీకు కంఠతా వచ్చు కాబట్టి, రెండు సెకన్లు చాలనిపిస్తుంది. మొదటిసారి చూసేవాడికి చాలవు. ఆ లైన్లు పైకి నిదానంగా రెండుసార్లు చదివితే ఎంత పడుతుందో అంతసేపు ఉంచండి. రాత స్కెచ్ పెన్నుతో, పెద్దగా. ఇంకోటి, ఈ షాటు కంటే ముందు ఆ అమ్మాయి ముఖం మనకి దగ్గరగా, వెలుతురులో కనిపించి ఉండాలి. అది మర్చిపోతే ఫొటోలో ఉన్నది ఆమే అని ఎవరికీ తెలియదు, కథంతా అక్కడే పడిపోతుంది. ఆ కాగితంలో నిజమైన ఫోన్ నంబరు గాని, ఎవరి ఆధార్ గాని వాడకండి. మీ నటి ఫొటో, ఆమె ఒప్పుకుంటేనే.

లుక్ తప్పడం, అంటే పాత్రలు చూసే దిక్కు తేడా పడటం గురించి మీకు క్లాసులో చెప్పే ఉంటారు. షాపతనికీ అమ్మాయికీ మధ్య ఒక గీత ఊహించుకోండి. కెమెరా ఆ గీతకి ఒక్క పక్కనే ఉండాలి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు వస్తుంది, ఎదురెదురుగా ఉన్నారన్నది పోతుంది. షాపు ఇరుకు, కెమెరా పెట్టడానికి చోటు లేదని అటు దూకేస్తారు. ముందే వెళ్ళి రెక్కీ చేసి, నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే ఆ పొరపాటు రాదు.

వెలుతురు. మీలో చాలామంది ఫోన్‌తోనే తీస్తున్నారు, చాలా మంచిది. షాపులో ట్యూబులైట్లుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతుంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఫోన్ కెమెరాని ఆటోమేటిక్ సెట్టింగ్‌లో వదిలేస్తే తెర మీద నల్ల పట్టీలు పాకుతాయి. మాన్యువల్ ఇచ్చే యాప్ పెట్టుకుని సెకనుకి 24 ఫ్రేములు గాని 25 గాని పెట్టుకోండి, షట్టర్ సెకనులో 50వ వంతు దగ్గర కట్టేయండి. ఎక్స్‌పోజర్, అంటే వెలుతురు ఎంత తీసుకోవాలన్నది, వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల లెక్క, రెండూ లాక్ చేయండి. ఎందుకంటే ఈ షాపులో ఒక అద్భుతమైన లైటు ఉంది, మీరు అద్దెకి తెచ్చుకోనక్కర్లేదు. మెషిన్ మూత తెరిచి ఉంచి స్కాన్ నొక్కితే అద్దం కింద నుంచి తెల్లటి వెలుగు ఇటు నుంచి అటు వెళ్తుంది. అది షాపతని ముఖం మీద కింద నుంచి పాకుతుంది. ఎక్స్‌పోజర్ లాక్ లేకపోతే ఆ వెలుగు రాగానే ఫోన్ కంగారుపడి మొత్తం ఫ్రేమ్‌ని చీకటి చేసేస్తుంది, ఆ అందం పోతుంది.

బయటి వెలుతురు కూడా చూసుకోండి. కథలో సమయం 6.15. విజయవాడలో నవంబరు చివర్లో ఆ వేళకి చీకటి పడిపోతుంది. జూన్‌లో ఇంకా ఎండ ఉంటుంది. మీరు తీసే నెలలో సూర్యుడు ఎన్నింటికి అస్తమిస్తాడో చూసి, కాగితం మీద సమయం దానికి తగ్గట్టు మార్చుకోండి. మన దగ్గర సంధ్యవెలుగు 20, 25 నిమిషాలకి మించి నిలవదు. వీధి కనిపించే షాట్లు ఆ కాసేపట్లోనే తీసేసి, షాపు షట్టర్ దించి లోపలి షాట్లు తర్వాత తీసుకోండి. కథ వరసలో తీయాలని పట్టుబట్టకండి.

గడియారం ఉంది కదా, దాని బ్యాటరీ తీసేయండి. ఒక్కో షాటుకి ముల్లు చేత్తో తిప్పి పెట్టుకోవాలి. లేకపోతే 6.10 తర్వాత 7.25 వచ్చి, మళ్ళీ 6.12 వస్తుంది. సెకన్ల ముల్లు లేని గడియారం వెతుక్కోండి, ఆగిపోయిన సంగతి బయటపడదు. టీములో ఒకరికి ఇదే పని అప్పగించండి. గడియారం, హెల్మెట్, కాగితం, వరసలో ఎవరి వెనక ఎవరున్నారు, ఇవన్నీ షాటు అయ్యాక ఫొటో తీసి పెట్టుకోవడం.

శబ్దం గురించి నాకు ఎప్పుడూ సమయం చాలదు. థ్రిల్లర్ అనగానే ఢాం అని బీజీఎం, అదే నేపథ్య సంగీతం, వేస్తారు, అదీ ఇంకో సినిమాలోది తెచ్చి. అది మీది కాదు, వాడే హక్కు కూడా మీకు లేదు. ఆ షాపులో ఒక పది నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడండి. మెషిన్ కాగితం లాక్కునే చప్పుడు. స్టేప్లర్. ఫ్యాన్. బయట ఆటో హారను. ఒక్కోటి ఫోన్ దగ్గరగా పెట్టి విడివిడిగా రికార్డు చేసుకోండి. ఎవరూ మాట్లాడకుండా షాపు గాలి చప్పుడు ఒక నిమిషం తీసుకోండి, అది లేకపోతే నేను డైలాగుల మధ్య అతుకులు కప్పలేను. డైలాగు తీసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, ఎంత ఉక్కపోసినా. రెండో ఫోన్ నటుడి చొక్కా జేబులో రికార్డింగ్‌లో పెట్టి, ముందు చప్పట్లు కొడితే బొమ్మకీ శబ్దానికీ సింక్ దొరుకుతుంది.

ఇప్పుడు 6.15కి కరెంటు పోయినప్పుడు ఏం వినిపిస్తుంది? మెషిన్ సగంలో ఆగిపోతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది, అంతవరకూ ఉందని కూడా తెలియని రొద అంతా పోతుంది. అప్పుడు కంప్యూటర్ కింద నుంచి యూపీఎస్ బీప్. మళ్ళీ బీప్. మీకందరికీ తెలిసిన చప్పుడే అది. ఆ చీకట్లో, మూడు బీపుల మధ్య, ఒక హెల్మెట్ వైజర్ పైకెత్తిన చిన్న శబ్దం వేయండి. దానికి మించిన సంగీతం నా దగ్గర లేదు.

టైటిల్స్ తెలుగులో వేయండి. వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల లెక్కన లైన్ల మధ్య దూరం పెడితే పై లైను వత్తు కింది లైను తలకట్టుకి తగులుతుంది. ఒక్కో అక్షరం విడివిడిగా ఎగిరి వచ్చే ఎఫెక్టులు పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో సంయుక్తాక్షరాలు విడిపోయి, పేరు తప్పుగా పడుతుంది. మీ కెమెరామన్ పేరు తప్పుగా పడితే అతను జన్మలో మర్చిపోడు. ముందే టైప్ చేసి, ఫోన్ తెర మీద చదివి చూసుకోండి. మీ టీము పేర్లు ఎక్కడ పడాలంటే, మూడు గళ్ళలో ఏదీ మారని చోట. వరసలో మనుషులు, కాగితాల కట్టలు, మెషిన్ భాగాలు కనిపించే మొదటి 25 సెకన్లలో. కాగితం కనిపించాక, చీకట్లో పడే సినిమా పేరు తప్ప, ఒక్క పేరు కూడా వద్దు.

అడగండమ్మా. ఆ, నువ్వే.

"మేడమ్, మేము మొత్తం సింగిల్ షాట్‌లో తీద్దామనుకుంటున్నాం."

తీయొచ్చమ్మా. 1958లో ఆర్సన్ వెల్స్ 'టచ్ ఆఫ్ ఈవిల్' అలాగే మొదలుపెట్టాడు, మూడు నిమిషాలకి పైగా కట్ లేదు. కానీ ఆ షాటు మొదట్లోనే ఒకడు టైమ్‌బాంబు తిప్పి కారు డిక్కీలో పెడతాడు. అది చూశాం కాబట్టి ఆ కారు ఎక్కడ తిరిగితే మన ప్రాణం అక్కడ తిరుగుతుంది. చూసినవాళ్ళు కెమెరా కదలికని గుర్తుపెట్టుకుంటారు, బాంబుని మర్చిపోతారు. మీ షాటులో బాంబు ఏది? అది చెప్పగలిగితే తీయండి. రిహార్సల్‌కి ఒక రోజంతా విడిగా పెట్టుకోండి.

"మేడమ్, మాది రైలు పట్టాల మీద ఛేజ్."

వద్దు బాబూ. ఈ ఒక్కటి మాత్రం నేను గట్టిగా చెప్తున్నాను. అనుమతి లేకుండా పట్టాల మీదకి వెళ్ళడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, 6 నెలల దాకా జైలు ఉంది. చట్టం సంగతి అలా ఉంచితే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫ్రేమ్ చూసుకుంటున్నవాడికి వెనక రైలు వినపడదు. ఏ షాటూ అంత విలువైనది కాదు. అలాగే బొమ్మ తుపాకీ, బొమ్మ కత్తి పట్టుకుని వీధిలో పరిగెడితే చూసేవాళ్ళకి అది బొమ్మ అని తెలియదు. అలాంటిది ఉంటే ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, కాలేజీ నుంచి లెటరు తీసుకెళ్ళండి. మీ ఛేజ్‌ని మూడు గళ్ళలో పెట్టి చూడండి, పట్టాల అవసరమే లేకపోవచ్చు.

"మొదటి షాట్‌లోనే హత్య చూపిస్తే మేడమ్? తర్వాత ఆరు గంటల ముందు అని వేస్తాం."

వేయొచ్చు. హత్య చూపిస్తే ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? ఎవరు పోయారో తెలియని మనిషి పోతే మనకి దిగులుండదు. పోయినవాడి చేతికి ఒక వాచీ కనిపించి, ఆరు గంటల ముందు ఆ వాచీ ముగ్గురు స్నేహితుల్లో ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ ఉంటే, అప్పుడు నాకు ఆ ముగ్గురి మీదా బెంగ పుడుతుంది. వాచీ లేకుండా 'ఆరు గంటల ముందు' అన్న కార్డు ఒక్కటే వేస్తే, నన్ను ఆపడానికి అరిచి, తర్వాత మామూలు మాటలు మొదలుపెట్టినట్టుంటుంది.

జిరాక్స్ షాపు టీము ఎవరైనా తీసుకుంటారా? మీరా, సరే. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు తీయండి, ఆయన బేరం పాడుచేయకూడదు. కాపీలు ఎన్ని తీస్తే అన్నిటికీ డబ్బులిచ్చేయండి, కరెంటుకి కూడా. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో రేపే వెళ్ళి ఆయన్ని అడగండి. ఆ తర్వాత ఐదుగురూ కూర్చుని ఆ చివరి లైను రాయండి. రాశాక నాకు మాత్రం చెప్పకండి, సినిమా చూసేటప్పుడు నాకూ తెలియకూడదు.